సగమే చూపించిన ర్యామ్

మా అమ్మ ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. ఎండు చేపల వ్యాపారం ఆమెను అలా తయారుచేసింది. బందరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి నాన్న ఉప్పు చేపల బస్తాలు, ఎండు రొయ్యల గోతాలు తెల్లవారుజాము బస్సు మీద వేసి పంపేవాడు. అమ్మ వాటిని పట్నంలో, పటమటలో మేం అద్దెకున్న ఇంట్లో దించుకుని కొట్లకు, హోటళ్లకు వేసేది. కాటా పళ్లెం కింద అయస్కాంతం అంటించేవాళ్లను, రొయ్యల మీద నీళ్లు చిలకరించి బరువు పెంచేవాళ్లను, లెక్క మధ్యలో కబుర్లు పెట్టి ఒక తూకం ఎగ్గొట్టేవాళ్లను ఆమె చూసింది. అందుకే ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే ముందు వాళ్ల చేతుల వైపు చూసేది.

ఆ ఇంట్లో ముందు గది నాది. డిగ్రీ అయ్యాక డీటీపీ నేర్చుకుని, మూతపడిన ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి పాత కంప్యూటరు ఒకటి కొనుక్కుని పెట్టుకున్నాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, ఇంజనీరింగు పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసేదాన్ని. వెనక గదిలో చేపల బస్తాలు, ముందు గదిలో నేను, మధ్యలో ఒక గళ్ల దుప్పటి కర్టెను. వచ్చినవాళ్లు మొదట ముక్కు చిట్లించేవాళ్లు, కాసేపటికి అలవాటు పడిపోయేవాళ్లు. కొత్త శతాబ్దం మొదలైన తొలి రోజులవి. ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వస్తున్నాయి గాని, ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు ఇంకా తక్కువే.

ఒకనాడు కూచిపూడి నుంచి ఒక నాట్యం మాస్టారు వచ్చారు. ఆయన బడికి వార్షికోత్సవం చేస్తున్నారు, దానికి ఒక సావనీరు వెయ్యాలి. పెద్దల సందేశాలు, వ్యాసాలు, అన్నిటికంటే ఎక్కువగా ఫొటోలు. నేను అంతవరకు అంత పెద్ద పని చెయ్యలేదు. అయినా చేస్తానన్నాను. ఆయన నా కంప్యూటరు వైపు, తరవాత కర్టెను వైపు చూసి, కాగితాలు, ఫొటోలు ఉన్న కట్ట నా ముందు పెట్టి వెళ్లారు.

వ్యాసాల వరకు ఏ ఇబ్బందీ లేదు. ఫొటోలు పేజీల్లో పెట్టడం మొదలుపెట్టాక కంప్యూటరు మొరాయించింది. ఒక ఫొటో కదిలిస్తే టీ తాగి వచ్చేదాకా గడియారం గుర్తు తిరుగుతూనే ఉండేది. కొన్నిసార్లు అలాగే బిగుసుకుపోయేది. మెమరీ చాలడం లేదని నాకు అర్థమైంది. ఉన్నది ముప్పై రెండు ఎంబీ. ఇంకో నూట ఇరవై ఎనిమిది వేస్తే పని పరిగెత్తుతుందని నేర్పిన మేడమ్ చెప్పింది.

గవర్నర్‌పేటలో ఒక కాంప్లెక్సు మేడ మీద కంప్యూటరు విడిభాగాల షాపులుండేవి. అమ్మ కూడా వస్తానంది. ఆ షాపాయన నలభై ఏళ్ల మనిషి, బంగారు ఫ్రేము కళ్లజోడు, ప్రతి మాటకు అండీ అనేవాడు. ఒక చిన్న ప్లాస్టిక్ కవరులోంచి జానెడు లోపు పొడవున్న పచ్చ రేకు తీసి చూపించి, ఇదేనండీ ర్యామ్ అన్నాడు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒక పక్క నల్లటి చిప్పులుండటం, రెండో పక్క ఖాళీగా ఉండటం చూసింది. ఇంత తేలిగ్గా ఉందేమిటని అడిగింది. షాపాయన నవ్వి, దీనికి బరువుతో పనిలేదండీ అన్నాడు. ఆ నవ్వు అమ్మకు నచ్చలేదని నాకు తెలుస్తూనే ఉంది. పెట్టుకోవడం ఎలాగో నాకు కౌంటరు మీదే చూపించాడు. రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి వంచి, గాడి చూసుకుని, టక్కుమనే దాకా నొక్కడమే.

ఇంటికొచ్చి కంప్యూటరు పెట్టె విప్పి అలాగే నొక్కాను. టక్కుమంది. స్విచ్ వేశాను. కంప్యూటరు లేచేటప్పుడు నల్ల తెర మీద తెల్ల అంకెలు గబగబా పెరుగుతూ మెమరీ ఎంతో లెక్కపెట్టుకుంటుంది. ముప్పై రెండుకు నూట ఇరవై ఎనిమిది కలిపితే నూట అరవై రావాలి. అంకెలు తొంభై ఆరు దగ్గర ఆగిపోయాయి.

మళ్లీ ఆపి వేశాను. తీసి పెట్టాను. పక్క స్లాట్‌లోకి మార్చాను. ఎక్కడ పెట్టినా కొత్తదాన్ని అరవై నాలుగుగానే లెక్కపెడుతోంది. సరిగ్గా సగం. పాడైపోతే అసలు కనపడకూడదు, ఇలా కొలిచినట్టు సగం తగ్గడం ఏమిటని నేను ఆలోచిస్తుంటే, కర్టెను పక్కన నిలబడి చూస్తున్న అమ్మ అంది.

"రెండో పక్కన ఖాళీగా ఉంది చూడు. సగం సరుకిచ్చి పూర్తి సరుకని చెప్పాడు."

నాకూ అదే అనిపించింది. ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

మర్నాడు ఇద్దరం షాపుకు వెళ్లాం. అక్కడ కుర్చీలో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. మా పటమటలోనే, మలుపులో డీటీపీ సెంటరు నడిపే మనిషి. ఏసీ గది, రంగుల ప్రింటరు, గాజు తలుపు. నన్ను చూసి తల ఊపి, ఒడిలో ఉన్న కవరు తిరగేసి పెట్టుకున్నాడు. తిరగేసేలోపే అందులో ఒక ఫొటో నా కంటపడింది. ఎర్ర చీరలో, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి నిలబడిన ఒక అమ్మాయి, ఎడమచేతి కంకణం కాస్త జారి ఉంది. ఆ ఫొటో నా దగ్గరా ఉంది. సావనీరు నాలుగో పేజీలో నేను పెట్టబోతున్న ఫొటో.

ర్యామ్ ముక్క కౌంటరు మీద పెట్టి సగమే చూపిస్తోందని చెప్పాను. షాపాయన దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తన బల్ల మీదున్న కంప్యూటరులో పెట్టాడు. అంకెలు ఆగకుండా వెళ్లి నూట ఇరవై ఎనిమిది దగ్గర నిలిచాయి. చూశారుగా అన్నాడు. మీ మెషిన్ తెచ్చి ఇక్కడ పెట్టండి, చూస్తానన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"ఎవుడి కాటా వాడికి సరిగ్గానే చూపిచ్చుద్ది. పెట్టె ఇక్కడికి తెస్తే లోపల ఏం పీకుతాడో, ఏం పెడతాడో మనకేం తెలుసు?"

చేపల వ్యాపారంలో తూకం దగ్గర గొడవ వస్తే ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి కాటా మీద తూయించేవాళ్లట. మా వీధి చివర ఒక పెద్దాయన ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు. రైల్వేలో చేసి రిటైరయిన క్రైస్తవుడు. గోడ మీద వాక్యాల క్యాలెండరు, బల్ల మీద కళ్లజోడు డబ్బా. అమ్మ ముందు ఆయన్ను కూర్చోబెట్టి కంప్యూటర్లు ఎక్కడ కొన్నారు, గవర్నర్‌పేట షాపాయన తెలుసా, మలుపులో సెంటరాయనతో పరిచయముందా అని ఆరా తీసింది. అన్నీ హైదరాబాదు నుంచి తెప్పించానమ్మా, వాళ్లెవరో నేనెరగనని ఆయన చెప్పాక గాని ర్యామ్ బయటికి తియ్యనివ్వలేదు.

అక్కడా నూట ఇరవై ఎనిమిదే చూపించింది.

సరుకు మంచిదే. అయితే నా పెట్టెలోనే ఏదో ఉంది. ఇది తెలియగానే నా ధైర్యం ఇంకా సన్నగిల్లింది. దానికి తోడు ఆ వారమే కంప్యూటరు కొత్త రోగం తెచ్చుకుంది. పని చేస్తుండగా తెర నీలంగా మారిపోయి తెల్లక్షరాలు వచ్చేవి, చేసినదంతా పోయేది. కొన్నిసార్లు అసలు లేవకుండా పొడుగ్గా కూత పెట్టేది. పెట్టె విప్పి ర్యామ్‌లు నొక్కితే మళ్లీ లేచేది. ఏ గంటకు ఏం చేస్తుందో తెలియదు. నేను ప్రతి పది నిమిషాలకు ఫ్లాపీలోకి దాచుకుంటూ కూర్చునేదాన్ని.

అమ్మ మాత్రం అన్నీ ఒక చోట చేర్చి చూసింది. మాస్టారి పని మనకొచ్చింది. అదే ఫొటో మలుపులో ఆయన దగ్గరుంది. ఆయన ఆ షాపులో కూర్చున్నాడు. ఆ షాపులో కొన్నది పెట్టిన దగ్గర నుంచి మన కంప్యూటరు పడిపోతోంది. ఇందులో తేలనిదేముందని ఆమె అడిగింది. ఒక చిన్న రేకు ముక్కలో ఎవరూ అలాంటి కుట్ర పెట్టలేరని నేను అన్నాను. అన్నాను గాని, ఆ సాయంత్రం పాల ప్యాకెట్టుకు వెళ్తూ మలుపులో గాజు తలుపు ముందు నా నడక నెమ్మదించింది. లోపల తెర మీద ఎర్ర చీర రంగు కనిపించింది. ఆయన తల తిప్పగానే నేను ముందుకు నడిచాను.

కూచిపూడికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. పని ఇంకెవరికైనా ఇచ్చారా అని అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. ఫొటోలు ఇంకో సెట్టేమైనా ఉన్నాయా మాస్టారూ అని మాత్రం అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ఎందుకమ్మా అన్నారు. తరవాత ఎవరో పిలుస్తున్నారని పెట్టేశారు. ఆ ఒక్క క్షణం నన్ను చాలాసేపు వదల్లేదు.

చివరికి షాపాయనకే ఫోన్ చేసి, పెట్టె తేవడం కుదరదు, మీరే వచ్చి మా కళ్లముందు చూడండి అని చెప్పాను. రాడనుకున్నాను. ఆదివారం షాపు మూసి ఉంటుంది, ఆ రోజు వస్తానన్నాడు. వచ్చాడు కూడా. భుజాన సంచి, చేతిలో స్క్రూడ్రైవరు. గడప దాటగానే ఆగి గట్టిగా గాలి పీల్చి, చేపలాండీ అని అడిగాడు. అమ్మ అవునంది.

అమ్మ స్టూలు తెచ్చుకుని ఆయన మోచేతి పక్కనే కూర్చుంది. ఆయన పెట్టె విప్పి, ర్యామ్ తీసి, మొదట దాని మీదున్న స్టిక్కరు వంక తదేకంగా చూశాడు. గోటితో అంచు గీరి చూశాడు.

"ఏం చూస్తన్నారు?" అంది అమ్మ.

ఆయన కొంచెం తడబడ్డాడు. "అమ్మేటప్పుడు స్టిక్కరు మీద నేను పెట్టే సంతకమేనా అని అమ్మా. తప్పుగా అనుకోకండి. మొన్న షాపులో కూడా అదే చూశా. కొత్తది కొనుక్కెళ్లి, ఇంట్లో ఉన్న పాతది తెచ్చి, పనిచెయ్యట్లేదండీ అని ఇచ్చేవాళ్లుంటారు."

అంటే ఇన్నాళ్లూ ఆయన కూడా మమ్మల్ని దొంగలేమోననే చూస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. అమ్మకు మాత్రం ఎందుకో రాలేదు. ఆయన వైపు మొదటిసారి సవ్యంగా చూసి, "ఉంటారు. మాకూ ఉంటారు," అంది. మంచి రొయ్యలు కొనుక్కెళ్లి పుచ్చినవి తిరిగి తెచ్చేవాళ్ల సంగతి ఆయనకు చెప్పింది. ఆయన పని ఆపి విన్నాడు.

తరవాత ఆయన చేసిన పని నేను జాగ్రత్తగా చూశాను. పాతదాన్ని తీసేసి కొత్తది ఒక్కటే పెట్టాడు. సగమే. సంచిలోంచి ఇంకో కొత్తది తీసి పెట్టాడు, అచ్చం అలాంటిదే. అదీ సగమే. అప్పుడు మదర్ బోర్డు మీదకు టార్చి వేసి చూసి, ఇది చాలా పాత బోర్డండీ అన్నాడు. సంచి అడుగు నుంచి మూడోది తీశాడు. దీనికి రెండు పక్కలా చిప్పులున్నాయి. అది పెట్టి స్విచ్ వేశాడు. అమ్మ నన్ను అంకెలు పైకి చదవమంది. నూట ఇరవై ఎనిమిది అని చదివాను.

సంగతి ఆయన ఇలా వివరించాడు. రెండింట్లోనూ సరుకు ఒకటే. కొత్తగా వచ్చేవాటిలో చిప్పులు పెద్దవి, అందుకే ఒక పక్కనే సరిపోతాయి. పాత బోర్డుకు అంత పెద్ద చిప్పును పూర్తిగా చదవడం రాదు, సగం చదివి ఊరుకుంటుంది. అదే సరుకు చిన్న చిప్పులుగా రెండు పక్కలా పరిస్తే చదువుతుంది. అమ్మేటప్పుడు బోర్డు ఏదని అడగాల్సింది, అడగలేదు, నాదే పొరపాటని కూడా అన్నాడు.

పాత ముప్పై రెండును కూడా కలిపి పెట్టాక మళ్లీ ఆ పొడుగు కూత వచ్చింది. ఆయన దాన్ని తీసి, కింది అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్లను టార్చి ముందు పెట్టాడు. వాటి మీద సన్నగా పచ్చటి చిలుము పట్టి ఉంది. రాగి చెంబుకు పట్టేలాంటిది. ఆయన కర్టెను వైపు చూశాడు.

"ఆ బస్తాల్లో ఉప్పు ఉంటదాండీ?"

ఉప్పు చేపల్లో ఉప్పుండక ఏముంటుంది. వెనక గదిలో బస్తా దులిపినప్పుడల్లా సన్నటి ఉప్పుపొడి, తేమ, కర్టెను కిందుగా వచ్చి నా పెట్టెలో ఫ్యాను లాగే గాలితో లోపలికి పోతున్నాయి. ఇన్‌స్టిట్యూట్ నుంచి తెచ్చిన దగ్గర నుంచి ఆ పాత ముక్క ఆ గాలే పీలుస్తోంది. నేను కొత్తది పెట్టడానికి దాన్ని కదిలించాక ఆ చిలుము అతుకు వదిలించింది. ఆయన నా టేబులు మీద పెన్సిలు రబ్బరు తీసుకుని ఆ పళ్లను మెల్లగా రుద్దాడు. స్లాట్‌లోకి ఊది, కుంచెతో దులిపాడు. మళ్లీ పెట్టి స్విచ్ వేస్తే అంకెలు నూట అరవై దాకా వెళ్లాయి.

కుట్ర చేసింది తన బస్తాలని ఒప్పుకోవడం అమ్మకు కష్టంగానే ఉండి ఉంటుంది. పూర్తిగా ఒప్పుకుందనీ చెప్పలేను. ఆయన సంచి సర్దుకుంటుంటే చివరి అనుమానం అడిగేసింది. మలుపులో సెంటరాయన మీకు చుట్టమా అని. చుట్టం కాదమ్మా, కస్టమరు, పటమటలో సగంమంది నా కస్టమర్లే అన్నాడు. అమ్మ ఆయనకు ఎండు రొయ్యల పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన అక్కడే విప్పి, వాసన చూసి, మళ్లీ కట్టుకున్నాడు. ఆ సాయంత్రమే బస్తాలన్నీ వెనక వరండాలోకి మారాయి.

పని జోరందుకుంది. ఫొటోలు చెప్పినట్టు కదిలాయి. తెర నీలమవడం ఆగిపోయింది. కానీ ఆ కంకణం జారిన అమ్మాయి ఫొటో పేజీలో పెడుతున్నప్పుడు మాత్రం నాకు చేదుగా ఉండేది.

తప్పులు దిద్దడానికి మాస్టారు వచ్చిన రోజు అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నేను అడగలేకపోయింది ఆమె సూటిగా అడిగింది.

"మాస్టారండీ, ఈ పని ఇంకెవరికైనా చెప్పారా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. అబద్ధం ఆడలేదు.

"చెప్పానమ్మా. మలుపులో ఆయనకీ ఒక కట్ట ఇచ్చా. మీ అమ్మాయి చేతి పని బాగుంటుందని మా ఉయ్యూరు శిష్యురాలు చెప్పింది, అందుకే ముందు ఇక్కడికొచ్చా. కానీ వచ్చి చూస్తే మెషిన్ పాతది, గది ఇది. పిల్ల చెయ్యలేకపోతే వేడుక రోజుకి నా చేతిలో ఏముంటుంది? ఆయన్నీ నమ్మలేదు లెండి. ఆయన దగ్గర ముగ్గురి పనులు ఒకేసారి నడుస్తున్నాయి."

ఎవరూ ఎవరి మీదా కుట్ర చెయ్యలేదు. మాస్టారు భయపడ్డారు, అంతే. నాకు అవమానంగా ఉంది, అదే సమయంలో గుండెల మీద బరువు దిగినట్టూ ఉంది. నేను దిద్దిన పేజీలు ఆయన ముందు పెట్టాను. ఆయన చూపుడు వేలు ఆనించి ఒక్కో మాటా చదివారు. నాట్యం మాటల్లో ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడా పోలేదని అన్నారు. మలుపులో ఆయన దగ్గర అవే పోతున్నాయట. చివరికి లోపలి పేజీలు నావి, రంగుల అట్ట ఆయనది అని తేల్చారు. అట్ట పోయినందుకు నేను కాసేపు ముఖం ముడుచుకున్నాను. నా దగ్గర రంగుల ప్రింటరు లేదు కాబట్టి ఆ మాట న్యాయమే.

వార్షికోత్సవానికి మమ్మల్నీ పిలిచారు. అమ్మా నేనూ మధ్యాహ్నం బస్సులో ఉయ్యూరు మీదుగా వెళ్లాం. దారి పొడుగునా చెరకు బళ్లు అడ్డమొచ్చి ఆలస్యమైంది. మేం చేరేసరికి ఆట మొదలైంది. అమ్మ అంతకు ముందు కూచిపూడి ఆట చూడలేదు. పళ్లెం మీద పాదాలుంచి ఆ అమ్మాయి ముందుకు జరుగుతుంటే, కింద చక్రాలేమైనా ఉన్నాయేమోనని వంగి వంగి చూసింది. ముందు వరసలో కూర్చున్నవాళ్ల చేతుల్లో సావనీర్లు విసనకర్రల్లా ఊగుతున్నాయి.

ఆట అయ్యాక టీ బల్ల దగ్గర మలుపులో సెంటరాయన కనిపించాడు. ఆయన్నీ పిలిచినట్టున్నారు. తప్పుకుపోతాడనుకున్నాను. దగ్గరికే వచ్చాడు. అట్ట బాగుందని నేనన్నాను, లోపలి పేజీలు బాగున్నాయని ఆయనన్నాడు. కాసేపు టీ గ్లాసులోకి చూస్తూ నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఆ గవర్నర్‌పేట షాపాయన మీకు బంధువా?"

కాదన్నాను. ఎందుకని అడిగాను.

"నా లోపలి గదిలో పాత మెషిన్ ఒకటుందిలెండి. మీరు షాపుకొచ్చిన రోజే దానికి ర్యామ్ కొన్నా. అది సగమే చూపిస్తోంది. మీ పని మాత్రం చకచకా నడుస్తోందని మాస్టారన్నారు. అందుకని..."

చిప్పులు ఒక పక్కనే ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. రెండు పక్కలా ఉన్నది అడిగి మార్పించుకోండి, మారుస్తారు, పాత బోర్డులకు ఒక పక్కవి సగమే కనపడతాయని చెప్పాను. ఆయన నా ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. నిజంగానే చెబుతున్నానా, లేక ఉన్నది కూడా పోగొట్టే దారి చూపిస్తున్నానా అని తూచుకుంటున్న చూపది. సరేనండీ, కనుక్కుంటా అన్నాడు. నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

పక్కనున్న అమ్మ అప్పుడు కలగజేసుకుంది. "నమ్మొద్దులెండి బాబూ. రేపు మా ఇంటికొచ్చి మా పెట్టె విప్పి చూసుకోండి," అంది.

ఆయన మర్నాడు రాలేదు. ఆ తరవాత రోజు, నేను పెళ్లికార్డు ఒకటి టైపు చేస్తుండగా, చేతిలో స్క్రూడ్రైవరుతో వచ్చి గడప అవతల నిలబడ్డాడు.